మజ్జతో గుజ్జు పుడుతుందా?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, జాక్సన్‌విల్ నగరం. అక్కడి మేయో క్లినిక్ డాక్టర్లు రెండు మోకాళ్ళూ అరిగి బాధపడుతున్న 25 మందిని ఒక పరీక్షకు ఎంచుకున్నారు. అందరికీ నడుము వెనక ఉండే కటి ఎముకలోంచి మజ్జ తీశారు. దాన్ని యంత్రంలో గిర్రున తిప్పి, చిక్కబరిచి, ఒక మోకాలిలోకి ఎక్కించారు. రెండో మోకాలిలోకి ఉత్త సెలైన్ ఎక్కించారు. ఏ కాలికి ఏది వెళ్ళిందో రోగులకు చెప్పలేదు. ఆరు నెలలయ్యాక అడిగితే నొప్పి బాగా తగ్గిందన్నారు. మజ్జ పడిన మోకాలిలో తగ్గింది, సెలైన్ పడిన మోకాలిలోనూ తగ్గింది. రెండింటి మధ్య తేడా తేలలేదు. 2017లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

పారిస్ శివార్లలోని క్రెతెయ్‌లో ఆన్రి మోందోర్ ఆస్పత్రి ఉంది. అక్కడి ఎముకల సర్జన్ ఫిలిప్ ఎర్నిగూ చేతిలో ఇదే మజ్జ చేసిన పని వేరు. మోకాలి కింద పెద్ద ఎముక విరిగి, నెలల తరబడి అతక్కుండా ఉండిపోయిన 60 మందికి ఆయన చిక్కబరిచిన మజ్జను సూదితో విరిగిన చోట ఎక్కించారు. పెద్ద కోత లేదు. వాళ్ళలో 53 మందికి ఎముక అతికింది. ఆ వివరాలు 2005లో వచ్చాయి.

రెండు చోట్లా వాడింది రోగి సొంత మజ్జే, తీసిన చోటు కూడా దాదాపు ఒకటే. ఒక చోట ఎక్స్‌రేలో కొత్త ఎముక కనిపిస్తోంది, ఇంకో చోట ఉప్పునీటిని మించిన ఫలితం కనిపించడం లేదు. మజ్జ చికిత్స గురించి ఎవరైనా తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదేనని నా నమ్మకం. ‘మజ్జ పనిచేస్తుందా’ అని అడిగితే జవాబు దొరకదు. ఏ జబ్బుకు, ఏ దశలో, ఎన్ని కణాలతో అని అడగాలి. మన దగ్గర పేపరు ప్రకటనల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఆ మాట ఎక్కడా వినపడదు. విరిగిన ఎముక విషయంలో రుజువైన దాన్ని చూపించి, అరిగిన మోకాలికి చికిత్స అమ్ముతున్నారు. యాభై దాటిన అమ్మలు, నాన్నలు తమ పొదుపు సొమ్ము తీసుకెళ్ళి అక్కడ పోస్తున్నారు. అందుకే ఈ విషయాన్ని నెమ్మదిగా, మొదటి నుంచీ చెప్పుకోవాలి.

మజ్జలో రెండు కుటుంబాలు

ఎముక మజ్జ అనగానే మనకు గుర్తొచ్చేది రక్త కేన్సరు, తలసేమియా. అక్కడ చేసేది మజ్జ మార్పిడి. అందులో పని రక్తాన్ని పుట్టించే మూలకణాలది. రోగి మజ్జను మందులతో ఖాళీ చేసి, దాత మజ్జను ఎక్కిస్తే, ఆ కణాలు ఎముకల్లోకి చేరి కొత్త రక్తాన్ని తయారుచేస్తాయి. ఈ పద్ధతికి దారివేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది స్థిరపడిన వైద్యం. దీనిమీద వాదం లేదు.

మజ్జలో ఇంకో కుటుంబం కూడా ఉంది. దాన్ని మొదట పట్టుకున్నది 1960లు, 70లలో మాస్కోలోని గమలేయా సంస్థలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్. మజ్జను గాజు పాత్రలో ఉంచితే రక్తకణాలు తేలిపోగా కొన్ని కణాలు అడుగుకు అతుక్కుని, గుంపులు గుంపులుగా పెరగడం ఆయన చూశారు. వాటిని జంతువు శరీరంలో ఇంకో చోట పెడితే అక్కడ ఎముక తయారైంది. నిజానికి మజ్జకు ఎముకను పుట్టించే గుణం ఉందని ఫ్రాన్సులో గూజోన్ అనే పరిశోధకుడు 1869లోనే జంతువుల మీద చూపించాడు. ఆ పని చేసే కణం ఏదన్నది తేలడానికి వందేళ్ళు పట్టింది.

1991లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆర్నాల్డ్ కాప్లాన్ ఈ కణాలకు మీసెంకైమల్ మూలకణాలని పేరు పెట్టారు. ప్రయోగశాలలో తగిన రసాయనాలు అందిస్తే ఇవి ఎముక కణాలుగా, కీలు గుజ్జు అయిన మృదులాస్థి కణాలుగా, కొవ్వు కణాలుగా మారగలవు. అప్పటినుంచే ఆశ మొదలైంది. గాజు పాత్రలో మృదులాస్థి తయారైతే మోకాలిలో ఎందుకు తయారుకాదన్న ప్రశ్న సహజంగానే వచ్చింది.

ఇక్కడ లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. మజ్జలోని లక్ష కణాల్లో ఈ రకానివి ఒకటి నుంచి పది దాకా మాత్రమే ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతాయి. ‘మీ మజ్జ నిండా మూలకణాలే’ అని ఎవరైనా చెబితే అది నిజం కాదు. సిరంజిలోకి వచ్చేదాంట్లో అత్యధిక భాగం రక్తమూ, రక్తకణాలూను.

అతకని ఎముక

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్ళు అరుదు. విరిగిన ఎముకను సరిచేసి కదలకుండా పెడితే తనంతట తానే అతుక్కుంటుందన్న అనుభవం మీదే ఆ కట్టు తరాలుగా నిలబడింది. ఎముక నిజంగానే అతుక్కుంటుంది. మచ్చ మిగలకుండా, అచ్చంగా పాత కణజాలంతోనే మానే అవయవాలు మన శరీరంలో చాలా తక్కువ. వాటిలో ఎముక ముఖ్యమైనది. విరిగిన చోట రక్తం గడ్డకడుతుంది, ఎముక పైపొరలోంచీ మజ్జలోంచీ కణాలు వచ్చి చేరతాయి, మెత్తటి కాయ కడుతుంది, అది గట్టిపడుతుంది.

కానీ కొన్ని ఎముకలు అతకవు. బైకు ప్రమాదంలో మోకాలి కింద ఎముక బయటికి పొడుచుకొచ్చేలా విరిగినవాళ్ళు ఎముకల వార్డులో ఎప్పుడు చూసినా కనిపిస్తారు. అక్కడ చర్మం కిందే ఎముక, కండ పలచన, రక్తప్రసారం తక్కువ. రాడ్ వేసినా, ప్లేటు వేసినా తొమ్మిది నెలలకు ఎక్స్‌రే తీస్తే విరుపు అలాగే ఉంటుంది. పొగతాగే అలవాటున్నా, షుగరు అదుపులో లేకపోయినా ఇంకా ఆలస్యం. సంపాదించే వయసులో ఉన్న మనిషి కర్రల మీద ఏడాది, రెండేళ్ళు గడుపుతాడు. ఇలాంటివాళ్ళకు పాతకాలం నుంచీ చేసే మంచి చికిత్స, కటి ఎముకలోంచి ఎముక ముక్కలు చెక్కి తీసి విరుపు దగ్గర పేర్చడం. అది పనిచేస్తుంది. అయితే ముక్కలు తీసిన చోట నొప్పి కొందరిని చాలాకాలం వదలదు.

ఎముక ముక్కలు తీసేబదులు మజ్జనే సూదితో తీసి ఎక్కిస్తే చాలదా అన్న ఆలోచనను అమెరికాలో జాన్ కానలీ అనే సర్జన్ 1980లలోనే ఆచరణలో పెట్టారు. ఎర్నిగూ దాన్ని లెక్కల్లోకి తెచ్చారు. ఆయన గొప్పతనం అక్కడే ఉంది. ప్రతి రోగికీ ఎక్కించిన మజ్జలో కొంత తీసి, గాజు పాత్రలో పెంచి, ఎముకను పుట్టించగల కణాలు ఎన్ని వెళ్ళాయో లెక్కపెట్టారు. ఎముక అతికిన 53 మందికి వెళ్ళినవి సగటున 55 వేలకు దగ్గర. అతకని ఏడుగురికి వెళ్ళినవి సగటున 19 వేల చిల్లర. మందుకు మోతాదు ఉన్నట్టే మజ్జకూ మోతాదు ఉందని అప్పుడు తేలింది. మోతాదు తక్కువైతే ఎంత మంచి చెయ్యి పడినా ఫలితం ఉండదు.

ఆ మోతాదు రావడం తీసే పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది. రోగిని బోర్లా పడుకోబెట్టి, నడుము కింద వెనకవైపు చేతికి తగిలే కటి ఎముక గట్టు దగ్గర మత్తు ఇస్తారు. చర్మం, ఎముక పైపొర మొద్దుబారతాయి. సన్నని గొట్టం లాంటి సూదిని ఎముకలోకి దించుతారు. సిరంజితో లాగేటప్పుడు మాత్రం లోపల పీకినట్టు నొప్పి వస్తుంది, ఎముక లోపలికి ఆ మత్తు అందదు. అది కొన్ని క్షణాల నొప్పే, కానీ ముందే చెప్పే డాక్టరు మంచి డాక్టరు. ఒకే చోట సూది పెట్టి పెద్ద సిరంజితో గబగబా లాగితే మజ్జ కన్నా రక్తమే ఎక్కువ వస్తుంది. పది మిల్లీలీటర్ల చిన్న సిరంజితో, కొంచెం కొంచెంగా, సూది చోటు మారుస్తూ తీస్తే పనికొచ్చే కణాలు ఎన్నోరెట్లు ఎక్కువ వస్తాయి. ఇది కూడా ఎర్నిగూ బృందం కొలిచి చూపినదే. తర్వాత గడ్డకట్టకుండా మందు కలిపి, యంత్రంలో తిప్పి, అరవై మిల్లీలీటర్లను ఏడెనిమిదికి కుదిస్తారు. ఎక్కడ ఎక్కించాలో సీ-ఆర్మ్ ఎక్స్‌రేతోనో అల్ట్రాసౌండ్‌తోనో చూసుకుంటూ ఎక్కిస్తారు. ఆస్పత్రికి పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చేయవచ్చు.

ఎముక ఒక్కదానికే కాదు, భుజం స్నాయువు తెగినప్పుడు కుట్టు వేస్తూ మజ్జ కూడా ఎక్కిస్తే పదేళ్ళ తర్వాత నూటికి 87 మందిలో కుట్టు నిలబడిందనీ, మజ్జ లేకుండా కుట్టినవాళ్ళలో 44 మందిలోనే నిలిచిందనీ 2014లో అదే బృందం రాసింది. ఇద్దరు ముగ్గురు ఇతర సర్జన్లు వేరే దేశాల్లో ఇదే చేసి చూపితే అప్పుడు దాన్ని గట్టి రుజువు అనుకోవచ్చు.

గుజ్జు ఎందుకు తిరిగి రాదు

ఇక మోకాలు. ‘గుజ్జు అరిగిపోయింది’ అని మనం అనేది మృదులాస్థి గురించి. తొడ ఎముక చివర, కాలి ఎముక పైన నున్నగా, తెల్లగా పరుచుకున్న పొర అది. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. లోపలి కణాలు తక్కువ, దూరదూరంగా ఉంటాయి. కీలు ద్రవంలోంచి ఊరి వచ్చేదే దాని ఆహారం. రక్తం రాదు కాబట్టి, దెబ్బతగిలితే గడ్డకట్టడం దగ్గర మొదలయ్యే మాన్పు ప్రక్రియే అక్కడ మొదలవదు. చెడిన మృదులాస్థి తిరిగి రాదని లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే గమనించాడు.

మజ్జతో దాన్ని తిరిగి తెప్పించే ప్రయత్నాలు పాతవే. 1959లో ఇంగ్లండులో ప్రైడీ అరిగిన చోట ఎముకకు రంధ్రాలు చేసి కింది మజ్జను పైకి రానిచ్చాడు. తర్వాత అమెరికాలో స్టెడ్‌మన్ అదే పనిని సన్నని పరికరాలతో చేసి ఆటగాళ్ళలో పేరు తెచ్చుకున్నాడు. మజ్జ వచ్చి పొర కట్టింది. కానీ కట్టింది అసలైన మృదులాస్థి కాదు, పీచు ఎక్కువున్న మచ్చ కణజాలం. చిన్న గాయానికి, చిన్న వయసులో అది కొన్నేళ్ళు పనికొస్తుంది. 1994లో స్వీడన్‌లో లార్స్ పీటర్సన్, మాట్స్ బ్రిట్‌బర్గ్ రోగి సొంత మృదులాస్థి కణాలనే తీసి, ప్రయోగశాలలో పెంచి, గుంటపడిన చోట పెట్టి మంచి ఫలితాలు చూపారు. అదీ ఒక చోట పడిన గుంటకే. కీలంతా అరిగి, ఎముకలు రాసుకుంటూ, కాళ్ళు దొడ్డికాళ్ళయిన ఆస్టియోఆర్థరైటిస్‌కు కాదు. కీళ్ళ అరుగుదలలో చెడేది గుజ్జు ఒక్కటే కాదు. కింది ఎముక, కీలు సంచి, తొడ కండరాలు, కాలి తీరు అన్నీ మారిపోయి ఉంటాయి. ఆ కీలులోకి సిరంజితో వదిలిన కొన్ని వేల కణాలు వెళ్ళి, అరిగిన చోటే అతుక్కుని, కొత్త పొర పరుస్తాయని ఆశించడానికి ఆధారం లేదు.

కాప్లాన్ తానే ఈ విషయం ఒప్పుకున్నారు. తాను పెట్టిన పేరు జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని, ఆ పేరు మార్చాలని 2017లో ఆయన రాశారు. ఎక్కించిన కణాలు అక్కడ స్థిరపడి గుజ్జుగా మారడం లేదని, రసాయన సంకేతాలు విడుదల చేసి, వాపు తగ్గించి, కొన్నాళ్ళకు పోతున్నాయని ఆయన వివరణ. అంటే ఈ కణం ఇటుక పేర్చే కూలీ కాదు, చుట్టూ ఉన్నవాళ్ళకు పని చెప్పే మేస్త్రీ. పని చేసేవాళ్ళు అక్కడ లేకపోతే మేస్త్రీ ఒక్కడే ఇల్లు కట్టలేడు. విరిగిన ఎముక దగ్గర రక్తం ఉంది, ఎముక కణాలున్నాయి. అరిగిన మోకాలిలో అవి లేవు. మొదట్లో చెప్పిన రెండు ఫలితాల మధ్య తేడాకు చాలావరకు కారణం ఇదే.

అయితే నొప్పి తగ్గడం కూడా చిన్న విషయం కాదు. వాపు తగ్గితే నొప్పి తగ్గుతుంది. ఆ మేరకు మజ్జ మోకాలికి మేలు చేస్తుందేమో చూద్దామని అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్ష జరిగింది. 2023లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. దాదాపు 480 మంది రోగులు. కొందరికి సొంత మజ్జ, కొందరికి సొంత కొవ్వులోంచి తీసిన కణాలు, కొందరికి బొడ్డుతాడు కణాలు, మిగిలినవాళ్ళకు మామూలు స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పి అందరికీ కొంత తగ్గింది. కణాల చికిత్సల్లో ఏదీ స్టిరాయిడ్‌ను మించలేదు. వేలల్లో, లక్షల్లో ఖర్చయ్యే ఇంజెక్షనూ, కొన్ని వందల రూపాయల ఇంజెక్షనూ అక్కడ సమానంగా నిలబడ్డాయి.

మరి సెలైన్‌తో నొప్పి ఎలా తగ్గింది? మోకాళ్ళ నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మరీ ఎక్కువైనప్పుడే మనం డాక్టరు దగ్గరికి వెళ్తాం, ఆ తర్వాత సహజంగానే కొంత తగ్గుతుంది. పెద్ద చికిత్స జరిగిందన్న నమ్మకం కూడా నొప్పిని తగ్గిస్తుంది. రోగి అబద్ధం చెప్పడం లేదు, నొప్పి నిజంగానే తగ్గుతోంది. ‘మా అత్తయ్యకు చేయించాం, బాగా నడుస్తోంది’ అనే మాటను నేను అనుమానించను. కానీ ఆ నడక మజ్జ వల్లేనా అని తేల్చడానికి ఆమె రెండో మోకాలిలో సెలైన్ ఎక్కించి చూసినవాళ్ళు లేరు కదా. జాక్సన్‌విల్ పరీక్ష విలువ అదే.

మన దేశంలో జరిగిన పనిలో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. బెంగళూరుకు చెందిన స్టెమ్‌ప్యూటిక్స్ సంస్థ ఆరోగ్యవంతులైన యువ దాతల మజ్జలోంచి మీసెంకైమల్ కణాలను తీసి, ప్రయోగశాలలో పెంచి, గడ్డకట్టించి నిల్వచేసే మందును తయారుచేసింది. ఇక్కడ వేల కణాల సంగతి కాదు, ఒక్క ఇంజెక్షన్‌లో రెండున్నర కోట్ల కణాలు. 146 మంది మీద జరిగిన మూడో దశ పరీక్షలో ఏడాది తర్వాత నొప్పి, బిగుతు, కదలిక విషయాల్లో ఈ మందు ఉత్తుత్తి ఇంజెక్షన్ కన్నా మెరుగైన ఫలితం చూపింది. మధ్యస్థంగా అరిగిన, అంటే రెండు, మూడు గ్రేడుల మోకాళ్ళకు దీన్ని వాడడానికి 2022లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఇచ్చారు. ఈ ఫలితాన్ని నేను గౌరవిస్తాను. పద్ధతిగా పరీక్ష చేసి, లెక్క చూపి, అనుమతి తీసుకుని వచ్చిన మందు అది. గుజ్జు కొత్తగా మొలిపిస్తుందని మాత్రం ఆ పరీక్ష కూడా చెప్పలేదు, అరుగుదల ముదరకుండా ఆపిందేమో అన్నంతవరకే చెప్పింది. దీన్ని చూపించి, అదే రోజు మజ్జ తీసి అదే రోజు ఎక్కించే చికిత్సకు ప్రచారం చేసుకోవడం కుదరదు. రెండూ వేరు.

చట్టం ఏమంటోంది

మన కణాలు మనకే ఎక్కిస్తే మధ్యలో ప్రభుత్వానికి పనేమిటని అమెరికాలో కొలరాడోకు చెందిన రీజెనరేటివ్ సైన్సెస్ సంస్థ కోర్టులో వాదించింది. ఆ సంస్థ మజ్జ కణాలను రోజుల తరబడి పెంచి ఎక్కించేది. అలా పెంచాక అవి మందు కిందికే వస్తాయని, మందుకు ఉండే నియమాలన్నీ వర్తిస్తాయని 2014లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు మూలకణాలతో తయారైన ఉత్పత్తిని కొత్త మందుగానే లెక్కించాయి. అంతకు ముందే 2017లో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు, రక్త సంబంధ జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలను స్థిరపడిన వైద్యంగా ఒప్పుకోలేదు. అనుమతి పొందిన పరీక్షలో భాగంగానే చేయాలన్నాయి. ఆ తర్వాత ఒకటి రెండు ఉత్పత్తులకు అనుమతి వచ్చింది. మిగతావాటికి ఆ నియమం అలాగే ఉంది.

నియమాలు ఊరికే పెట్టలేదు. 2018లో టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాల్లో బొడ్డుతాడు రక్తంతో తయారైన ఇంజెక్షన్లు వేయించుకున్న 12 మంది కీళ్ళల్లో, వెన్నులో, రక్తంలో ఇన్‌ఫెక్షన్ సోకి ఆస్పత్రి పాలయ్యారు. సీసాలోని మందులోనే బాక్టీరియా దొరికింది. కీలులో చీము పట్టడం ఎంత ప్రమాదమో ఎముకల డాక్టర్ని ఎవరినడిగినా చెబుతారు. ఒకసారి చీము పట్టిన మోకాలికి తర్వాత కీలుమార్పిడి చేయడం కూడా కష్టమవుతుంది.

ఎవరైనా ఈ చికిత్స చెబితే మొహమాటపడకుండా అడగండి. ఇది అనుమతి పొందిన మందా, లేక పరీక్షా? పరీక్ష అయితే దేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్ లాగే ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదై ఉండాలి, ఆ నంబరు ఇవ్వమనండి. ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. పరీక్షలో చేరినవాళ్ళ దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకుంటున్నారంటే అక్కడ ఆగి ఆలోచించాలి. మజ్జ ఎక్కడినుంచి, ఎంత తీస్తారు, ఎక్కడ ఎక్కిస్తారు, స్కాన్‌లో చూస్తూ ఎక్కిస్తారా అన్నవి కూడా అడగాలి. ఏ గ్రేడు అరుగుదలకైనా ఒకే చికిత్స అని చెప్పేవాళ్ళ మాట నమ్మడానికి లేదు.

అరిగిన మోకాలికి రుజువైన దారులు ఉన్నాయి. వాటికి ఎవరూ పేపర్లో ప్రకటనలు ఇవ్వరు. తొడ ముందు కండరాలను బలపరిచే వ్యాయామం వాటిలో మొదటిది. బరువు తగ్గడం రెండోది. ఒంటి మీద ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూపారు. బాసిపట్లు వేసి కూర్చోవడం, నేల మరుగుదొడ్డి వాడడం మన ఇళ్ళల్లో మోకాళ్ళను బాగా ఇబ్బంది పెడతాయి. ఇవి కొంత మార్చుకోవడం ఇంట్లో అందరూ కలిసి చేయవలసిన పని. పెద్దావిడ ఒక్కతే కుర్చీ అడిగితే ఇచ్చేవాళ్ళు ఉండాలి కదా. అన్నీ చేశాక కూడా నడవలేని స్థితి వస్తే కీలుమార్పిడి ఉంది. అది దశాబ్దాలుగా లక్షలమందిని నడిపిస్తున్న ఆపరేషన్. దానికి భయపడి ఏళ్ళ తరబడి ఇంజెక్షన్ల వెంట తిరగడం వల్ల కండరాలు మరింత బలహీనపడతాయి.

తుంటి: మజ్జకు తగిన చోటు

మజ్జ నిజంగా పనికొచ్చే చోటు గురించి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

తొడ ఎముక పైచివర బంతిలా ఉండి తుంటి గిన్నెలో తిరుగుతుంది. దానికి రక్తం తెచ్చే నాళాలు సన్నవి, తక్కువ. అవి మూసుకుపోతే బంతిలోని ఎముక చచ్చిపోతుంది. దీన్ని డాక్టర్లు ఏవీఎన్ అంటారు. మొదట బంతి ఆకారం బాగానే ఉంటుంది. నెలలు గడిచాక చచ్చిన ఎముక బరువు మోయలేక కుంగుతుంది, బంతి సొట్టపడుతుంది. ఇక కీలు మొత్తం పాడవుతుంది. ఇది అరవై దాటినవాళ్ళ జబ్బు కాదు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళకు వస్తుంది. ఎక్కువ మోతాదులో స్టిరాయిడ్లు వాడడం, విపరీతంగా మద్యం తాగడం ముఖ్య కారణాలు. కొవిడ్‌కు స్టిరాయిడ్లు వాడినవాళ్ళలో ఈ జబ్బు కనిపించిందని 2021లో ముంబయి డాక్టర్లు ముగ్గురు రోగుల వివరాలతో రాశారు. పల్లెల్లో ఒళ్ళు నొప్పులకు, ఆయాసానికి పేరు తెలియని మాత్రలు పొట్లం కట్టి ఇస్తే నెలల తరబడి మింగేవాళ్ళున్నారు. వాటిలో స్టిరాయిడ్ ఉందో లేదో మింగేవాళ్ళకు తెలియదు.

మన దగ్గర ఇంకో కారణం సికిల్‌సెల్. ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి అరకు, పాడేరు కొండల దాకా గిరిజన కుటుంబాల్లో ఈ రక్తవ్యాధి ఉంది. కొడవలి ఆకారంలోకి వంగిన ఎర్రకణాలు సన్నని నాళాల్లో చిక్కుకుంటాయి, తుంటి బంతికి రక్తం ఆగుతుంది. సికిల్‌సెల్‌ను 2047 నాటికి లేకుండా చేయాలని జాతీయ కార్యక్రమం 2023 జులైలో మొదలైంది. అందులో రక్తపరీక్షల మీద దృష్టి ఉంది, అది సరైనదే. ఈ జబ్బున్న పిల్లల తుంటి గురించి కూడా అంతే పట్టించుకోవాలి.

ఎర్నిగూ దగ్గరికి వచ్చినవాళ్ళలోనూ సికిల్‌సెల్ రోగులు చాలామంది. ఆయన పద్ధతి ఇది. తొడ ఎముక పక్కనుంచి సన్నని రంధ్రం చేసి బంతిలోని చచ్చిన భాగం దాకా వెళ్తారు. లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అదే రంధ్రం గుండా చిక్కబరిచిన మజ్జను ఎక్కిస్తారు. 2002లో ఆయన 189 తుంటిల వివరాలు ప్రచురించారు, ఐదు నుంచి పదేళ్ళ దాకా వాళ్ళను వెంబడించి చూశాక. బంతి కుంగకముందే చికిత్స చేసిన 145 తుంటిల్లో కీలుమార్పిడి అవసరమైనవి 9. కుంగిన తర్వాత చేసిన 44 తుంటిల్లో అవసరమైనవి 25.

2018లో వచ్చిన లెక్క ఇంకా గట్టిది. రెండు తుంటిలకూ జబ్బున్న 125 మందికి ఒకవైపు రంధ్రం మాత్రమే చేశారు, రెండోవైపు రంధ్రంతోపాటు మజ్జ కూడా ఎక్కించారు. సగటున పాతికేళ్ళు గడిచాక చూస్తే రంధ్రం మాత్రమే చేసినవైపు నూటికి 76 తుంటిలకు కీలుమార్పిడి చేయవలసి వచ్చింది. మజ్జ ఎక్కించినవైపు 24కే. ఒకే మనిషి, ఒకే జబ్బు, రెండు తుంటిలు. ఇదంతా ఒకే సర్జన్ అనుభవం అన్న పరిమితి ఉంది. కానీ బెల్జియంలో వేరే డాక్టర్లు బంతి కుంగాక ఇదే చికిత్స చేసి 2018లోనే రాసినదాంట్లో ఫలితం లేదని తేలింది. కుంగకముందు మేలు, కుంగాక లేదు. రెండు దేశాల లెక్కలూ ఆ ఒక్క మాట దగ్గర కలుస్తున్నాయి.

పాతికేళ్ళ కుర్రాడికి తుంటి కీలు మార్చితే అది పదిహేను, ఇరవై ఏళ్ళు బాగా పనిచేయవచ్చు. ఆ తర్వాత మళ్ళీ మార్చాలి. రెండోసారి ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం, ఖర్చు. పొలం పని చేసుకునే మనిషి, కొండెక్కి దిగే మనిషి సొంత బంతితో ఇంకో ఇరవై ఏళ్ళు నడిస్తే ఎంత మేలో చెప్పనక్కర్లేదు. దానికి కావలసిన పరికరాలు ఎముకల విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రిలో ఉండేవే. కణాలను నెలల తరబడి పెంచే ప్రయోగశాల అక్కర్లేదు.

చిక్కంతా రోగి ఆలస్యంగా రావడంలో ఉంది, వచ్చినా జబ్బు దొరక్కపోవడంలో ఉంది. తుంటి జబ్బు నొప్పి తుంటిలోనే రావాలని లేదు. గజ్జల్లో వస్తుంది, తొడ ముందుభాగంలో వస్తుంది, ఒక్కోసారి మోకాలిలోనే తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే ఏమీ కనిపించదు, నొప్పి మాత్రలు రాసి పంపుతారు. తుంటికి తీసినా మొదటి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. అప్పుడు జబ్బును పట్టుకోగలిగేది ఎమ్మారై. సికిల్‌సెల్ ఉన్న పిల్ల గజ్జల్లో నొప్పి అంటే, స్టిరాయిడ్లు వాడిన మనిషి కొన్ని నెలలకు కుంటుతూ వస్తే, చిన్న వయసులో మోకాలు నొప్పి అంటూ మోకాలిలో ఏ లోపమూ దొరకకపోతే, తుంటి తిప్పి చూడాలి, రెండు తుంటిలకూ ఎమ్మారై తీయాలి. నొప్పి ఒకవైపే ఉన్నా రెండూ తీయాలి, ఎందుకంటే చాలామందిలో రెండోవైపు జబ్బు నొప్పి లేకుండానే మొదలై ఉంటుంది.